మైల అంటని కాగితాలు

మా పిన్ని పోయిన తర్వాత బళ్ళారిలో సంతాపసభ పెట్టారు. కొండల బిడ్డ అన్నారు, ఆడవాళ్ళ గొంతు అన్నారు, ఇంకా ఏవేవో అన్నారు. బతికున్నన్నాళ్ళూ ఇదే ఊరు ఆమెను తాండాలు పట్టుకొని తిరిగే శెట్టి కోడలు అని నవ్వుకునేది. మైకు ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్న పెద్దమనుషుల్లో కొందరు ఆ నవ్విన వాళ్ళే. నాకు ఒళ్ళు మండింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకొని కూర్చుంది కాబట్టి సరిపోయింది.

పిన్ని అంటే మా చిన్నాన్న భార్య. మాది బజారులో తరాలుగా వేరుశెనగ మండీ నడిపిన ఇల్లు. కింద మండీ, పైన కాపురం. ఇంట్లో తెలుగు, గుమ్మం దిగితే కన్నడం, హమాలీలతో సగం ఉర్దూ. ఆ ఇంటికి పిన్ని డెబ్బయిల మొదట్లో ఎం.ఏ. చదివి కోడలుగా వచ్చింది. ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పేది. మొదట్లో తన విద్యార్థినులను సంగనకల్లు గుట్టకు తీసుకుపోయేది. వేల ఏళ్ళ కిందటి ఆడవాళ్ళెవరో గింజలు నూరి నూరి అరగదీసిన బండల గుంటలు అక్కడున్నాయి. వాటిని కొలవడానికి ఎక్కడెక్కడి నుంచో పండితులు వచ్చి పోతారని, ఆ పక్కనే బతికున్న ఆడదాన్ని మాత్రం నువ్వేం నూరుతున్నావమ్మా అని అడిగినవాడు లేడని ఒకరోజు అన్నం తింటూ విసుక్కుంది. ఆ తర్వాత గుట్టను వదిలేసి సండూరు కొండల దారి పట్టింది.

చోరనూరు పక్క ఒక లంబాడీ తాండా ఉండేది. ఆ తాండా వాళ్ళు పశువులు మేపుకునే కొండవాలును గని వాళ్ళు కంచె వేసుకున్నారు. వాలు పోయాక ఆడవాళ్ళు అదే గనిలో ఖనిజం రాళ్ళు కొట్టే కూలికి పోయారు. పిన్ని ఆ వాలు గురించి రాసింది, అర్జీలు పెట్టించింది, ఆఫీసుల చుట్టూ తిరిగింది. సరిహద్దు దాటి ఆంధ్రలోకి పోతే అదే మనుషులు సర్కారు కాగితాల్లో గిరిజనులు, ఇటు వస్తే షెడ్యూల్డ్ కులాల జాబితా. అక్క అటు, చెల్లెలు ఇటు. ఇదెక్కడి న్యాయమని మూడు భాషల్లో వ్యాసాలు రాసింది. అవి టైపు చేసి పెట్టింది నేనే.

అంతవరకూ తాండా నాయకుడికి కూడా ఆమె దేవతే. ఆమె ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ పక్కకు కూర్చోబెట్టుకొని మాట్లాడించడం మొదలుపెట్టాక ఆయనకు మింగుడుపడలేదు. భూమి సంగతి రాయమ్మా, మా ఇండ్లలో సంగతులు నీకు యాల అని ఒకరోజు నా ముందే అడిగాడు. పిన్ని చెప్పులు విడిచి ఆయన అరుగు మీద కూర్చుంది.

"ఇల్లు యాడుండాది నాయకా? భూమి మీద గాదా?" అంది.

ఆయన బీడీ ముట్టించుకొని అటు తిరిగాడు.

ఆడవాళ్ళు చెప్పినదంతా పిన్ని చేత్తోనే రాసుకునేది. లంబాడీ మాట, తెలుగు, కన్నడం కలిసిపోయిన మాటలను అలాగే తెలుగు లిపిలో పెట్టేది. పేరు మాత్రం రాసేది కాదు. అంతకు ముందు ఒకసారి పేర్లతో సహా రాసి, నమ్మి ఒక ఆఫీసులో ఇచ్చింది. ఆ పేర్లు పోయి గని మేస్త్రీ చేతిలో పడ్డాయి. ఒకామె కూలి పోయింది, ఆ పైన మొగుడి చేతిలో చెయ్యి విరిగింది. ఆ కబురు విన్న రోజున పిన్ని వంటింటి గడపలో కూర్చొని, నా చేత్తోనే కొట్టినట్టయిందే అని ఏడ్చింది. నాకు అప్పుడు కాలేజీ చదువు. పెద్దవాళ్ళు అలా ఏడుస్తారని నాకు అంతకు ముందు తెలియదు.

ఆ తర్వాత పెట్టుకున్న పద్ధతి ఇది. మాట చెప్పిన ఆడమనిషి తన పాత పేటియాలోంచి, అంటే వాళ్ళ అద్దాల లంగాలోంచి, ఒక ముక్క చింపి ఇస్తుంది. ఆమె కాగితాలన్నీ ఆ గుడ్డలో మూట కట్టి పిన్ని బీరువాలో పెడుతుంది. ఎవరి కుట్టు వాళ్ళకు తెలుసు. సూది పోటు, దారం రంగు, అద్దం చుట్టూ తిప్పిన వరస చూసి, అక్షరం రాని ఆ ఆడవాళ్ళు ఇది ఫలానా ఆమెదని దూరం నుంచే చెప్పేస్తారు. పోలీసుకు గానీ మేస్త్రీకి గానీ అది ఒట్టి గుడ్డపేలిక. కాగితం మీద పేరు లేదు, గుడ్డే పేరు. ఇంత తెలివైన ఏర్పాటు చేసిందని నేను మురిసిపోయాను. దానికి ఎవరి వల్ల ముప్పు వస్తుందో మాకు తోచనే లేదు.

పిన్నితో నేను తాండాకు పోయినప్పుడల్లా నన్ను దూరంగా కూర్చోమనేది. చెప్పేవాళ్ళ మాట రాసేవాళ్ళకు తప్ప మూడో చెవికి పోకూడదని ఆమె నియమం. ఒకసారి, గని నుంచి ఎర్రదుమ్ముతో వచ్చిన ఒకామె, ముప్ఫై ఏళ్ళుంటాయేమో, చంకలో ఆడబిడ్డను పెట్టుకొని పిన్ని ఎదుట చాలాసేపు కూర్చుంది. నేను చింతచెట్టు కింద గింజలు ఏరుకుంటూ ఉన్నాను. మాట వినబడలేదు గానీ, ఆమె ఒక్కసారి కూడా తల ఎత్తలేదన్నది చూశాను. లేచేముందు పేటియా అంచు చింపింది. నీలం దారం కుట్టు, మధ్యలో ఒక అద్దం, కింద తెల్లగుడ్డ పట్టీ. పిన్ని అప్పుడు నాకు వినబడేంత గట్టిగా, నీది నీకు కావాలంటే ఎప్పుడైనా వచ్చి అడుగు, ఇచ్చేస్తాను అని చెప్పింది. ప్రతి ఒక్కరికీ చెప్పే మాటే అది. ఆమె మాత్రం ఆగి, ఒట్టా యాడీ అని అడిగింది. యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ. పిన్ని ఆ బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు అంది.

ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం, పిన్ని కాలేజీలో పాఠం చెప్పి వచ్చి కుర్చీలో కూర్చొని, మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. చిన్నాన్న మండీ గల్లా దగ్గర ఊరికే కూర్చునేవాడు. ఎవరైనా ధర అడిగితే మొహం చూసేవాడు. పిల్లలు లేరు వాళ్ళకు. ఇంట్లో ఏ పనీ ఆగకుండా చూసుకున్నది మా అమ్మే.

మా అమ్మ గురించి చెప్పాలి. పిన్నికి తోడికోడలు, ఆమెకంటే పదేళ్ళు పెద్దది. ఐదో తరగతి దాకా చదువు. పిన్ని తాండాకు పోయే రోజు తెల్లవారుజామునే లేచి రొట్టెలు, పుంటికూర పచ్చడి కట్టిచ్చేది. ఏం పని మీద పోతోందని అడిగేది కాదు. అడిగితే చెప్పేదేమో. బంధువుల్లో ఎవరైనా పిన్నిని వేలెత్తి చూపిస్తే మాత్రం వాళ్ళకు కాఫీలో చక్కెర వేసేది కాదు. మా అమ్మ కోపం అంతవరకే.

శుద్ధి రోజు ఇల్లంతా కడిగారు. చావు మైల మా ఇళ్ళలో నూలుగుడ్డకు అంటుతుంది. పట్టుకు అంటదు. ఇత్తడికి అంటితే చింతపండుతో పోతుంది. కాగితానికి అసలు అంటదు. నూలుగుడ్డ ఏదైనా చాకలి చెయ్యి పడి కాలువ నీళ్ళలో ఉతికితే గానీ ఇంట్లోకి రాకూడదు. దుప్పట్లు, తెరలు, దిండు గలీబులు, గల్లాపెట్టె మీద పరిచే గుడ్డ, అన్నీ వెనక వాకిట్లో కుప్ప పడ్డాయి. కప్పగల్లు దారిలో ఉండే మా చాకలామె గాడిదను తోలుకొని వచ్చి కూర్చుంది. నేను కింద వచ్చినవాళ్ళకు విస్తళ్ళు వేస్తున్నాను.

మరునాడో ఆ మరునాడో పిన్ని గదిలోకి పోయి బీరువా తెరిచాను. మూటలు లేవు. కాగితాల కట్టలున్నాయి. ఒక్కో కట్టకు మండీలో గోనెలు కుట్టే పురికొస చుట్టి, ముడి వేసి, అంచులు సమంగా తట్టి పెట్టి ఉంది. అంత చక్కగా సర్దడం మా ఇంట్లో ఒక్కరికే వచ్చు.

"అమ్మా, ఈడ గుడ్డలేవి?"

"చాకలికి ఏసినా. మైలగుడ్డలు ఎన్ని రోజులు పెట్టుకుంటాం మే? కాయితాలు చూడు, ఒక్కటి పోనీలేదు. దేనికదే కట్టినా." ఆమె గొంతులో మంచిపని చేసిన తృప్తి ఉంది.

నేను అరిచాను. ఏమేం అన్నానో రాయలేను. ఆ గుడ్డ అంటే పేరు, నువ్వు అందరి పేర్లూ ఉతికించేశావు అని చెప్పేసరికి అమ్మ మేడమెట్ల మీద కూర్చుండిపోయింది.

"నాకెవురు చెప్పినారు మే?" అంది చివరికి. "ఒకే పొయ్యి కాడ ఇన్నేండ్లు నిలబడితిమి. ఆయమ్మ నాకు ఒక మాట చెప్పుండొచ్చు గదా."

కొండలెక్కి ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళ మాటలు విన్న మనిషి, పక్కనే రొట్టెలు కాల్చే ఆడమనిషిని కూర్చోబెట్టుకొని ఒక్కరోజు ఇదీ నా పని అని చెప్పలేదు. పిన్ని మీద నాకు ఎంత ప్రేమో అంత కోపం వచ్చింది ఆరోజు. చనిపోయిన వాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం కంటే దిక్కుమాలిన పని ఇంకోటి లేదు.

గుడ్డలు తిరిగొచ్చాయి. సోడాలో ఉడకబెట్టి, ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, చాకలామె వాటిని కొత్త రుమాళ్ళ లాగా మడిచి తెచ్చింది. కొన్నిటి ఎరుపు కారి పక్కదాని తెలుపుకు పట్టింది. నీలం కుట్టున్న ముక్క నాకు గుర్తు. దాని తెల్లపట్టీ మీద గులాబీరంగు మరక, ఒక ఆకు ఆకారంలో, నిలిచిపోయింది.

కొన్నాళ్ళకు దూరపు నగరం నుంచి ఒక సంస్థ వాళ్ళు ఉత్తరం రాశారు. పిన్ని కాగితాలన్నీ తమకు ఇస్తే పెట్టెల్లో భద్రపరిచి, పట్టిక వేసి, చదువుకునేవాళ్ళకు అందుబాటులో ఉంచుతామని. చిన్నాన్న ఆ ఉత్తరాన్ని జేబులో పెట్టుకొని బజారంతా తిరిగాడు. ఆమె పోయాక మొదటిసారి ఆయన గడ్డం గీసుకున్నాడు. ఆ సంతోషాన్ని చూసి నేను కట్టల సంగతి ఎత్తలేకపోయాను. పేర్లు లేవు కదా, పోతే ఏమిటి, అని కూడా నాకు నేను చెప్పుకున్నాను.

కబురు పిన్ని విద్యార్థినుల వల్ల తాండాకు చేరింది. ఒక మధ్యాహ్నం ఆ నీలం కుట్టు ఆమె మా మండీ ముందు బస్తాల మధ్య వచ్చి కూర్చుంది. చంకలో బిడ్డ లేదు. బడికి పోయే పిల్ల అయిందట, హాస్టల్లో ఉందట. అమ్మ పైకి పిలిచి మజ్జిగ ఇచ్చింది. ఆమె తాగి, లోటా కింద పెట్టి, నా కాయితం నాకియ్యి పాపా అంది నాతో. యాడి ఒట్టు పెట్టింది అంది.

జరిగింది చెప్పాను. ఆమె అర్థం చేసుకోవడానికి కాస్త టైం పట్టింది. గుడ్డ తెచ్చి చూపించాను. చేత్తో తడిమి, నాదే అంది. మరి ఇందులో ఉన్నది ఏదని అడిగింది. తెలియదన్నాను.

"నువ్వేం చెప్పినావో ఒక ముక్క చెప్పక్కా. ఎదికి తీసిస్తా."

ఆమె నా మొహం చూసింది. కోపంగా కాదు.

"ఒక తూరి చెప్పినా. అది ఆయమ్మకే, యాడికే. ఇంగొక తూరి చెప్పే చాత నాకుంటే కాయితం యాల అడుగుతా?" అంది. "నా బిడ్డ చదువుకుంటాండాది పాపా. బాగా చదువుతాదంట. యాడి పుణ్యమే అది. రేపొద్దున ఆ పెద్ద ఊరికి పోయి, ఆ పెట్టె తీసి సదివితే? నా బిడ్డ సదవకూడని మాట ఒకటుండాది దాంట్లో."

అమ్మ అటు తిరిగి పొయ్యి ఊదుతూ ఉంది. పొయ్యి మండుతూనే ఉంది, ఊదాల్సిన పనిలేదు.

నాలుగు రోజులు సెలవు పెట్టి కట్టలన్నీ చదివాను. అప్పటికి నాకు బ్యాంకులో ఉద్యోగం. పగలంతా కిటికీ పక్కన చదివేదాన్ని, కింద నుంచి హమాలీల అరుపులు, వేరుశెనగ పొట్టు వాసన. మూడో చెవికి పోకూడదన్న నియమం పోయింది. ఒట్టు నిలబెట్టాలంటే నియమం తప్పాలి, నాకు వేరే దారి కనబడలేదు. కూతురికి తెలియకూడని మాట ఒక్క కట్టలో ఉంటుందని, అది దొరికితే తీసి ఆమె చేతిలో పెట్టేయవచ్చని అనుకున్నాను. చాలావాటిలో ఉంది.

రాళ్ళకుప్ప పక్కన కాన్పయి, మూడోరోజు పనికి వచ్చినామె ఉంది. అడవి గార్డు పేరు చెప్పకుండా వాడి చెప్పుల చప్పుడు మాత్రం చెప్పినామె ఉంది. మరిది సంగతి చెప్పి, ఇది రాయొద్దు యాడీ అని, మళ్ళీ రాయి అన్నామె ఉంది. ఆ రాయొద్దునూ రాయినీ రెండింటినీ పిన్ని రాసింది. అన్నం సహించలేదు నాకు. లోకం ఇవి చదవాలి అనిపించేది ఒక క్షణం. చదవడానికి లోకం ఎవరు అనిపించేది మరో క్షణం. గని వాళ్ళు చేసినదానికి ఇంతకంటే సాక్ష్యం లేదు. ఇవి పోతే కొండవాలు సంగతి ఒట్టి అర్జీల కుప్పే.

చిన్నాన్నకు చెప్పక తప్పలేదు. ఆయన చాలా నెమ్మది మనిషి. ఆరోజు మాత్రం గల్లాపెట్టె మీద చెయ్యి చరిచాడు.

"ఆయమ్మ బతుకంతా ఆ కాయితాలే గదమ్మా. అవి లేకుంటే, ఈమె ఏం చేసిందిరా అంటే ఏం చూపిస్తాం? వ్యాసాలు ఎవురైనా రాస్తారు."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఎవరి మాటలోనూ తప్పు లేకపోవడమే నన్ను నిద్రపోనివ్వలేదు.

సంత రోజు చూసుకొని తాండా ఆడవాళ్ళు వచ్చారు. మేడగదిలో అమ్మ చాపలు పరిచింది. ఒక పక్క ఉతికిన గుడ్డలు, ఒక పక్క కట్టలు పెట్టింది. గుడ్డలు పంచుకోవడం చిటికెలో అయిపోయింది. ఇది నాది, అది మా వదినది అని ఎవరివి వాళ్ళు తీసేసుకున్నారు. ఊరు విడిచిపోయిన వాళ్ళవి, చనిపోయిన వాళ్ళవి చుట్టాలు తీసుకున్నారు. గంజి పెట్టిన తమ పేటియా ముక్కలను చూసి ఒకరిద్దరు నవ్వారు కూడా. అమ్మ నవ్వలేదు. తప్పయిపోయిందమ్మా, తెలీక చేసినా అని గోడవైపు చూస్తూ అంది. వాళ్ళలో అందరికంటే పెద్దామె, మోచేతుల దాకా తెల్లగాజులున్న అవ్వ, సావు మైల కడుక్కోకుంటే ఎట్లమ్మా అంది.

ఆ అవ్వకు తన మాట లోకానికి పోవాలని ఉంది. వినాలనే చెప్పినా, నాకు సిగ్గేముంది, ఆ మేస్త్రీ మనమలు గూడా సదవనీ అంది. నీలం కుట్టు ఆమె తల దించుకొనే ఉంది. ఇంకొందరు అటూ ఇటూ మాట్లాడారు. చదివి వినిపిస్తే ఎవరిది వాళ్ళు గుర్తు పడతారు కదా అని నేనన్నాను. అన్న తర్వాత చాపల వైపు చూసి, అంత మూర్ఖపు మాట నా నోట ఎలా వచ్చిందా అని సిగ్గుపడ్డాను. అత్తలు, కోడళ్ళు, వదినలు ఒకే చాప మీద కూర్చొని ఉన్నారు.

అవ్వ నన్నడిగింది. "ఒకదానిది దాయాలంటే అందరివీ దాయాల. అంతేనా పాపా?"

"అంతే అవ్వా."

ఆమె ముందుకు వంగి, చేతికందిన ఒక కట్టను తీసుకొని, తన గుడ్డలో పెట్టి మూట కట్టింది. "ఇది నాది గాదేమో. ఎవురిదైతే ఏం, మా ఇంట్లో ఉంటాది. నాది ఎవురింట్లోనో ఉంటాది," అంది. ఇంక లేవండి, బస్సు పోతాది అంది.

ఒక్కొక్కరే వంగి ఒక్కో కట్ట తీసుకున్నారు. చదువు రాని చేతులు ఎవరివో తెలియని మాటలను తమ తమ పేర్లలో కట్టుకుంటూ ఉంటే చిన్నాన్న గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. కాసేపటికి మెట్లు దిగి పోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ అవ్వ ఏం వదులుకుందో వాళ్ళలో ఎవరికైనా తెలుసో లేదో.

నీలం కుట్టు ఆమె కట్ట తీసుకోలేదు. గుడ్డ మాత్రం నడుముకు దోపుకుంది. తీసుకో అక్కా అన్నాను.

"నాదే మోయలేక వస్తిని. ఇంగొకరిది యాడ మోసేది?"

అందరూ మెట్లు దిగుతున్నారు. ఆమె వెనక నిలబడి, నువ్వన్నీ సదివినావా అని అడిగింది. అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. చదివినానక్కా అన్నాను.

"అయితే నీ కాడ గూడా ఉండాది అది," అంది. "నీ కాడి నుంచి ఎట్ల తీసుకునేది నేను?"

ఆమె మెట్లు దిగిపోయింది.

చాప మీద ఒక కట్ట మిగిలింది. ఎవరిదో తెలియదు. అమ్మ లోపలికి పోయి తన పాత నేతచీర కొంగు చింపి తెచ్చి దాన్ని మూట కట్టింది. ఆ నెలలోనే సంస్థ వాళ్ళు వ్యానులో వచ్చారు. వ్యాసాలు, అర్జీల నకళ్ళు, పత్రికల ముక్కలు, ఫోటోలు అన్నీ అట్టపెట్టెల్లో సర్దుకున్నారు. మర్యాదస్తులే. ఆమె తాండా ఆడవాళ్ళతో మాట్లాడి రాసుకున్న కాగితాలు ఉండాలే అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా చిన్నాన్న, ఆమె అట్లాంటివి పెట్టుకోలేదప్పా, అంతా తలలోనే ఉండేది, అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో, వాళ్ళు పోయాక ఆయన పిన్ని కుర్చీలో కూర్చున్న తీరు చూస్తే తెలిసింది.

తొంభైల చివర్లో ఒక పిల్ల మా ఇంటికి వచ్చింది. చిన్నాన్న అప్పటికి లేడు. మండీని మూసేసి కింద గదులు అద్దెకిచ్చాం. పైన నేనూ అమ్మా. ఆ పిల్ల విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోందట. లంబాడీ ఆడవాళ్ళ గని బతుకుల మీద. చక్కటి కన్నడం, చక్కటి ఇంగ్లీషు, మాతో మా తెలుగు. చోరనూరు పక్క తాండానే మాది అంది. ఆ సంస్థకు పోయి పిన్ని పెట్టెలన్నీ చదివానని, అసలైనవి అక్కడ లేవని అంది. ఆడవాళ్ళ మాటలు ఆమె రాసుకొని ఉంటుందని తనకు నమ్మకమట. మా అమ్మ గూడా ఆ గనిలో చేసింది, అడిగితే ఏమీ చెప్పదు, లేసి పోతాది అని నవ్వింది.

ఆమె భుజాన ఒక సంచి ఉంది. సంచి మీద జేబులాగా ఒక పాత గుడ్డముక్క కుట్టి ఉంది. నీలం దారం, మధ్యలో ఒక అద్దం. కింద తెల్లపట్టీ మీద గులాబీరంగు మరక, ఆకు ఆకారంలో.

నేను దాన్ని చూశాను. అమ్మ కూడా చూసింది. పిన్ని బీరువా ఆ పిల్ల వెనకే ఉంది. అందులో అమ్మ చీరకొంగులో మూట ఉంది. అందులో ఉన్నది ఈ పిల్ల తల్లి మాటే కావచ్చు, కాకపోవచ్చు. ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పు లేదు. పిన్ని రాసింది ఇలాంటి పిల్ల కోసమే కదా అనిపించింది. నోట అబద్ధమూ రావడం లేదు, నిజమూ రావడం లేదు.

అమ్మ స్టవ్వు తగ్గించి కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఉండె పాపా, శానా ఉండె," అంది. "ఆయమ్మ పోయినాక మైలని నేనే అన్నీ బయట ఏసినా. సదువు లేనిదాన్ని, నాకేం తెలుసు. అన్నీ పోయినాయి."

ఆ పిల్ల అమ్మ వైపు చూసింది. పెద్దామె కదా అని ఏమీ అనలేదు, అయినా ఆ చూపులో అంతా ఉంది. ఇలాంటి ఆడవాళ్ళ చేతుల్లోనే కదా మా బతుకులన్నీ నాశనమైంది అన్నట్టు చూసింది. నేను తట్టుకోలేక లేవబోయాను. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి నొక్కింది, ఆ సంతాపసభలో పట్టుకున్నంత గట్టిగానే. ఆ చూపును అమ్మ తల దించకుండా తీసుకుంది.

ఆ తర్వాత, ఎండన పడి వచ్చినావు, రొట్టె తిని పో పాపా అంది. ఆ పిల్ల వద్దంది. బస్సుందని చెప్పి సంచి సర్దుకొని దిగిపోయింది.